గర్వపడే హక్కు

ఈ దేశంలో బడిపిల్లలు పొద్దుటే చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ పుట్టింది విశాఖపట్నంలో. 1962లో ఇక్కడ జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. ఆయనది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. తెన్నేటి విశ్వనాథం ఆ కాగితాన్ని అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజుకు చేరవేశారు. 1963లో విశాఖలోని ఒక బడిలో పిల్లల చేత మొదటిసారి చదివించారు. మరుసటి ఏడాది బెంగళూరులో ఎం.సి. ఛాగ్లా అధ్యక్షతన కూర్చున్న కేంద్ర విద్యా సలహా మండలి దేశమంతా ఇలాంటి ప్రతిజ్ఞ చేయించాలంది. 1965 జనవరి 26 నుంచి అది బడుల్లోకి వచ్చింది. రాసినాయన పేరు మాత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.

సబ్బవరంలో ఒక మావయ్యకీ మేనల్లుడికీ మాటా మాటా పెరిగింది ఈ సంగతి మీదే.

మావయ్య సోషల్ మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, మేష్టారే. మేనల్లుడు స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేస్తాడు. తండ్రి పుట్టిన ఊరు ప్లాంటు కింద పోయింది, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద కొడుక్కి ఉద్యోగం వచ్చింది, అగనంపూడి కాలనీలో ఇల్లు. పంద్రాగస్టు నాడు నైట్ షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా మావయ్యను చూడ్డానికి వచ్చాడు. మేష్టారు అప్పుడే బడిలో జెండా వందనానికి వెళ్లి, నాలుగు మాటలు చెప్పి వచ్చారు. ప్రతిజ్ఞ రాసినాయన పేరు పిల్లల చేత మూడుసార్లు అనిపించారట. దేశ వారసత్వం చూసి గర్వపడండర్రా అని కూడా చెప్పారట.

"పేరు చెప్పావు, బాగుంది. గర్వపడమని ఎందుకన్నావు మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. "అరవై ఏళ్లుగా దేశమంతా ఆ మాట అంటోంది. రాసిన మనిషెవరో కనుక్కోవాలని ఎంతమందికి తోచింది? మనకి గర్వమంటే నోటితో అప్పజెప్పడమే."

"అందుకేగా పేరు చెప్పింది! ఒరే, పిల్లలకి ముందు ఇది నాది అనిపించాలి. నాది అనిపిస్తే అప్పుడు దాని సంగతులు వెతుకుతారు, చెడిపోతుంటే అడ్డుపడతారు. నాది కానిదాన్ని ఎవడు కాపాడతాడు?"

"నీది ఎలా అయింది? నువ్వు కట్టావా, చెక్కావా? ఎవరో చేసినదానికి మనం మీసం మెలేయడం ఏటి?"

మేష్టారికి కోపం రాలేదు. పాఠం చెప్పే అవకాశం దొరికిందనుకున్నారు. "బొజ్జన్నకొండ ఎక్కావా ఎప్పుడైనా?" అని అడిగారు.

అనకాపల్లిని ఆనుకుని శంకరం ఊరి దగ్గర రెండు కొండలున్నాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. మొదటిదాంట్లో రాతిని తొలిచి చేసిన గుహలు, వాటిలో ఒకటి రెండంతస్తులది. లోపల స్తూపం కూడా అదే రాయి, విడిగా తెచ్చి పెట్టింది కాదు. గోడల మీద ధ్యానంలో ఉన్న బుద్ధుడు. రెండో కొండ మీద వరసలు వరసలుగా ఏకశిలా స్తూపాలు. జావాలోని బోరోబుదూర్ చూసినవాళ్లకి అదే గుర్తొస్తుంది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచిందని చెబుతారు. హీనయానం, మహాయానం, వజ్రయానం మూడింటి జాడలూ ఒకే చోట కనిపిస్తాయి. 1900ల తొలి దశకంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక సబ్బవరం కూడా అనకాపల్లి జిల్లాలోకే వెళ్లింది కాబట్టి, ఈ కొండలు ఇప్పటికీ సబ్బవరం వాళ్ల సొంత జిల్లావే.

"బస్సెక్కితే గంట పట్టదు. మన పిల్లల్లో నూటికి పదిమంది కూడా చూసి ఉండరు. అజంతా అంటే చెబుతారు, ఎల్లోరా అంటే చెబుతారు. పాటలీపుత్రంలో ఏలిన రాజు నాణెం మన చెరుకు పొలాల పక్క కొండ మీద దొరికిందంటే, ఈ చోటికి ఎంతెంత దూరం నుంచి మనుషులొచ్చి ఉంటారు! అది తెలిస్తే పిల్లాడి ఛాతీ ఒక అంగుళం పెరగదా?"

"కనుమనాటి సంగతి చెప్పవేం?"

మేష్టారు ఒక్క క్షణం ఆగారు. కనుమ రోజున బొజ్జన్నకొండ దగ్గర తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కొండెక్కుతారు. పొట్టలా ఉబ్బెత్తుగా ఉన్న ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి రాళ్లు విసరడం ఇటీవలి దాకా ఆచారం. పురావస్తు శాఖ, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్, పోలీసులు కలిసి ఆపించాల్సి వచ్చింది.

"ధ్యానంలో ఉన్న బుద్ధుణ్ని చెక్కిన చోట మనవాళ్లు రాక్షసుడని రాళ్లేశారు. తవ్వి బయటపెట్టింది తెల్లదొర. ఇప్పుడు వారసులం మేమేనంటే ఎలా మావయ్యా? అమరావతిలో జరిగిందేటి? నువ్వే చెప్పావు నాకు ఎనిమిదో తరగతిలో."

అది నిజం. ఈ వాదనలో మేనల్లుడికి బలమైన సాక్ష్యం అమరావతే. అక్కడి మహాస్తూపం రాళ్లను ముందు పీకింది లండన్ వాళ్లు కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు కొత్త ఊరు కట్టుకుంటుంటే దిబ్బలోంచి రాళ్లు తీసి వాడుకున్నారు. చెక్కిన పాలరాతిలాంటి సున్నపురాయిని కాల్చి సున్నం చేసుకున్నారు. కాలిన్ మెకంజీ 1797లో వెళ్లి చూసేసరికే చాలా పోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో ఓడెక్కాయి. ఇవాళ వాటిని చూడాలంటే బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాలి. దోచుకుపోయారని మనం అంటాం, అనాలి కూడా. దానికి ముందు సున్నపు బట్టీలు ఎవరు పేర్చారో కూడా అదే గొంతుతో చెప్పినప్పుడే ఆ మాటకు విలువ.

"అందుకే నేనంటున్నది," మేష్టారు ముందుకు వంగారు. "ఆ రోజున అమరావతి కూలివాడికి ఆ రాయి తనదని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బట్టీలో వేసేవాడా? గర్వం లేకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని చూపించి గర్వం వద్దంటావేం?"

"మరి తొట్లకొండ? అక్కడ గర్వానికి తక్కువేటి?"

భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండను నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తూ గుర్తించింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. వాననీటిని నిల్వ చేసుకునేందుకు భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. పర్యాటక శాఖ ప్రతి బొమ్మల పుస్తకంలోనూ తొట్లకొండ ఉంటుంది. 2019 అక్టోబరు వానలకి అక్కడి మహాస్తూపం ఒక పక్క కూలింది. తర్వాత మళ్లీ కట్టారు.

"విశాఖ మొత్తం గర్వపడే చోటు అది. వానకి కూలింది. గర్వం ఇటుకని పట్టి ఉంచదు మావయ్యా, జీతమిచ్చి పెట్టిన మనిషీ, సమయానికి విడుదలైన డబ్బూ పట్టి ఉంచుతాయి. మా ఫర్నేస్ కూడా అంతే. లోపలి ఇటుక ఎప్పుడు మార్చాలో చూసే మనిషి లేకపోతే ఎంత గొప్ప ఫర్నేస్ అయినా నిలవదు."

"ఆ డబ్బు అడిగేదెవరు? మన ఊళ్లోనే లా యూనివర్సిటీ ఉంది, వెళ్లి కనుక్కో. కట్టడాల్ని కాపాడడం ప్రభుత్వం బాధ్యత అని రాజ్యాంగం 49వ అధికరణంలో ఉంది. అక్కడితో ఆగలేదు. 1976లో 51ఎ చేర్చి, వారసత్వాన్ని విలువగా చూసి కాపాడడం ప్రతి పౌరుడి విధి అన్నారు. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదని చట్టం. అయినా ఎవరో ఒకడు కేసు వెయ్యాలి కదా! ఆ ఒకడు ఎక్కడి నుంచి వస్తాడు? నాది అనుకున్నవాళ్లలోంచే వస్తాడు."

ఇక్కడ మేష్టారిదే పైచేయి అని ఒప్పుకోవాలి. చట్టం దానంతట అది లేచి నడవదు. పాత రాయి కోసం కలెక్టరేటు మెట్లెక్కే మనిషికి జీతం ఎవరూ ఇవ్వరు, అతన్ని నడిపేది అభిమానమే. ఉత్తరాంధ్రలో బౌద్ధ క్షేత్రాల గురించి, ఎర్రమట్టి దిబ్బల గురించి ఇన్నేళ్లుగా అర్జీలు పెడుతున్నవాళ్లలో ఎక్కువమంది ఏ పదవీ లేని మామూలు మనుషులు.

మేనల్లుడు దారి మార్చాడు. "సరే, నాది అనమంటావు. ఏది నాది? సింహాచలం తీసుకో. పదిహేను వందల పదహారులో కృష్ణదేవరాయలు వచ్చాడు, స్వామికి నగలిచ్చాడు, తెలుగులో శాసనం వేయించాడు. దాన్ని చూసి మనం పొంగిపోతాం. అప్పుడు ఇక్కడున్న మన ముత్తాతల ముత్తాతలు ఎవరి జనం?"

"గజపతుల జనం."

"అంటే ఓడినోళ్లం. రాయలు గెలిచాడు, మనం ఓడాం. పొట్నూరులో జయస్తంభం వేసింది మన మీద గెలిచినందుకే. దాన్ని చూసి మనమే చప్పట్లు కొట్టాలా?"

మేష్టారు నవ్వారు. ఈ ప్రశ్న ఆయనకు నచ్చింది. సింహాచలం గోడలు, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. సంస్కృతం, తెలుగు, ఒడియా, తమిళం అన్నీ కనిపిస్తాయి. 1098నాటి కులోత్తుంగ చోళుడి శాసనం వాటిలో ఒకటి. గుడిని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడు, కోణార్క్ సూర్యాలయం కట్టించినాయన. ఆ పనుల శాసనం 1268 నాటిది. తర్వాత గజపతులు, వాళ్ల మీద గెలిచిన రాయలు. ఆ రాయలు చివరికి గజపతి కూతుర్ని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా తిరిగి ఇచ్చేశాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే దేవుడికి ఇచ్చుకున్నారు, ఒకే గోడ మీద రాయించుకున్నారు.

"నువ్వే చెప్పావు చూడు. ఒక్క రాజుదని, ఒక్క భాషదని అనుకుంటే ఆ గుడి సగం కూడా అర్థం కాదు. సుబ్బారావుగారు ప్రతిజ్ఞలో వారసత్వం అని ఊరుకోలేదు, అందులో ఎన్నో రకాలున్నాయని చేర్చారు. ట్రెజరీ ఆఫీసర్ కదా, లెక్క సరిగ్గా రాశారు. నేను పిల్లలకి గర్వపడమన్నది ఆ ఎన్నో రకాల్ని చూసి. అందులో తమిళం శాసనమూ మనదే, ఒడియా శాసనమూ మనదే."

"అందరూ అలాగే అంటున్నారా బయట?"

"అనడం లేదు. అందుకే బడిలో చెప్పాలి."

ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా మాట వచ్చినప్పుడు ఇద్దరికీ పెద్ద గొడవ రాలేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. సబ్బవరం బడులు విహారయాత్ర అంటే ముందు అక్కడికే వెళ్తాయి. దాని ఎదర సముద్రంలోనే 1971 యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అడుగున ఉంది. దాన్ని ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం చెబుతుంది, ప్రమాదం వల్ల పేలిందని పాకిస్తాన్ చెబుతుంది. రెండూ పిల్లలకి చెప్పాలన్నాడు మేనల్లుడు. చెబుతానన్నారు మేష్టారు. "అందులో పోయిన తొంభై మందికి పైగా మనుషుల గురించి కూడా చెబుతాను. శత్రువులైనా నావికులే కదా. విశాఖ పిల్లలకి సముద్రం మీద పని చేసేవాళ్ల కష్టం తెలుసు."

అసలు తగువు ఉక్కు దగ్గర మొదలైంది. అప్పటిదాకా గర్వం వద్దన్న మనిషి గొంతు అక్కడ మారింది.

"ఆ జాబితాలో మా ప్లాంటు లేదేం? గుళ్లూ స్తూపాలేనా వారసత్వం? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేసులకి పేర్లు పెట్టుకున్నాం. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం. సొంత ఇనుప గని ఒక్కటి ఇవ్వకపోయినా ఇన్నేళ్లు నడిపాం. ఒక్కసారి కరిగిన ఇనుము వదిలేటప్పుడు వచ్చి చూడు. దేశమంటే ఏటో అప్పుడు నాకు తెలుస్తుంది మావయ్యా."

"అదిగో!" మేష్టారు దొరికావన్నట్టు చూశారు. "ఛాతీ పెరిగింది."

"ఇది వేరు. ఇందులో నా చెమటుంది. నేను చేసినదానికి నేను గర్వపడుతున్నాను."

"నీ చెమట సరే. 1966లో నువ్వు పుట్టలేదు."

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా కదిలింది. అక్టోబరులో అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. ప్రతిజ్ఞను మంత్రి దగ్గరికి చేర్చిన తెన్నేటి విశ్వనాథమే ఈ ఉద్యమంలోనూ ముందు నిలిచారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మొదటి ఫర్నేస్ వెలిగేసరికి 1990 వచ్చింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ప్లాంటు కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి.

"ఆ ముప్పైరెండు మంది నీ చుట్టాలు కారు. నువ్వు వాళ్లతో నడవలేదు. అయినా 2021 జనవరిలో నూరు శాతం వాటాలు అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించగానే కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చుని వాళ్ల పేరే చెప్పావు. వాళ్ల త్యాగం అన్నావు, మా హక్కు అన్నావు. ఎవరో చేసినదానికి మనం మీసం మెలేయడం ఏటని ఇందాక అడిగిందెవరు?"

మేనల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత చెప్పింది మాత్రం ఆ పూట వాదనలో అన్నిటికన్నా గట్టి మాట. "నేను వాళ్ల పేరు చెప్పింది గొప్పకి కాదు మావయ్యా. వాళ్లకి బాకీ ఉన్నాను. మా నాన్న ఊరికీ బాకీ ఉన్నాను. ఆర్ కార్డులుండి ఉద్యోగం రానివాళ్లు మా కాలనీలో ఇంకా ఉన్నారు, వాళ్లకీ బాకీ. నేను పనిచేసే చోటు ఒకప్పుడు ఎవరిదో పనస చెట్టు, ఎవరిదో గ్రామదేవత గుడి. అది తెలిసినవాడికి గర్వం అనే మాట నోట్లోంచి రాదు. పిల్లలకి చెబితే ఆ బాకీ చెప్పు. నీది అని చెప్పకు, నీ మీద ఉందని చెప్పు."

"రెండూ ఒకటే కాదా? ఆస్తి వచ్చినవాడికే అప్పూ వస్తుంది. ఆస్తి వద్దు అప్పు మాత్రం తీరుస్తానంటే ఎవరు నమ్ముతారు? ప్రతిజ్ఞలో గర్వం మాట పక్కనే దానికి తగినవాణ్ని కావడానికి పాటుపడతానని కూడా పెట్టారాయన. మొదటిది కొట్టేసి రెండోదే చదవమంటావా?"

"అవును. పిల్లలు పెద్దయ్యాక, పాటుపడ్డాక, అప్పుడు మొదటిది చదువుతారు."

"అప్పటికి చదివేవాడుండడు నాయినా."

ఎవరిది న్యాయం? మేనల్లుడు అడిగే క్రమం కఠినమైనది, కానీ నిజాయితీగలది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు బీచ్ రోడ్డు మీద బాణసంచా కాల్చినవాళ్ల కన్నా, ఫర్నేసులు పూర్తి సామర్థ్యంతో ఎప్పుడు నడుస్తాయని, కాంట్రాక్టు కార్మికుల సంగతేమిటని అడిగినవాళ్లే ఆ సంస్థకు దగ్గరివాళ్లు. మేష్టారి మాటలోనూ కొట్టిపారేయలేనిది ఉంది. ఆ నాలుగేళ్ల పోరాటం నడిచింది లెక్కల మీద మాత్రమే కాదు. ప్లాంటులో ఎన్నడూ అడుగుపెట్టని రాయలసీమ రైతూ, తెలంగాణ లెక్చరరూ అది నాది అన్నారు కాబట్టి నడిచింది. బాకీ ఉన్నవాళ్లు మాత్రమే మాట్లాడాలంటే ఆ శిబిరంలో గాజువాక వాళ్లు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు.

మేష్టారు మళ్లీ కనుమ దగ్గరికి వచ్చారు. "రాళ్లేసినవాళ్ల మీద నాకు కోపం లేదురా. వాళ్లు బుద్ధుణ్ని మర్చిపోయారు గానీ కొండని మర్చిపోలేదు. ఏటేటా పిల్లాపాపలతో ఎక్కారు. జనం ఎక్కని కొండలకి ఈ చుట్టుపక్కల ఏ గతి పట్టిందో నువ్వు చూస్తూనే ఉన్నావు, సగం క్వారీలైపోయాయి. రాయి చేతిలోంచి తీసేసి పోలీసుని నిలబెట్టడంతో పని అయిపోలేదు. శంకరం పిల్లలకే ఆ కథ నేర్పి, తీర్థానికి వచ్చిన జనానికి వాళ్ల చేత చెప్పించాలి. వచ్చే కనుమకి నువ్వూ రా."

"వస్తాను. మరి నువ్వు మా నిర్వాసిత కాలనీకి రావాలి."

"వచ్చి ఏం చెప్పను? ఉక్కు గురించి నీకన్నా నాకేం తెలుసు?"

"అరవై నాలుగు ఊళ్ల పేర్లు చదువు. మా పిల్లలకి వాళ్ల ఊరి పేరు సెక్టార్ నంబరుగానే తెలుసు."

మేష్టారు కాగితం, పెన్ను తెచ్చుకుని చెప్పమన్నారు. మేనల్లుడు గడగడా పన్నెండు చెప్పాడు, ఆలోచించి ఇంకో అయిదు, ఆ తర్వాత తండ్రికి ఫోన్ చేసి మరో ఆరు. మిగతావి భూసేకరణ కాగితాల్లో ఉంటాయని, రెవెన్యూ కచేరీలో అడగాలని అన్నాడు. సోమవారం వెళ్దామన్నారు మేష్టారు. తనకి సోమవారం బి షిఫ్టు కాబట్టి పదకొండు లోపల అయితేనే కుదురుతుందన్నాడు. జాబితా పైన ఏం రాయాలన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. మన త్యాగం అని రాయాలన్నారు మేష్టారు, మన బాకీ అని రాయాలన్నాడు మేనల్లుడు. తేలక, పైన ఆ గీత ఖాళీగా వదిలి, ఇరవై మూడు పేర్లనూ మండలాల వారీగా విడదీయడం మొదలుపెట్టారు.